అవ్వ చెలమ, నాయన లెట్రిన్

"నది గాలి మేడమ్! ఒక్కసారి గుండెల నిండా పీల్చండి" అంటూ ఫ్లాట్లు అమ్మే అబ్బాయి బాల్కనీ తలుపు తెరిచాడు.

పీల్చాను. పీల్చిన గాలిని వదలడానికి భయమేసింది, పక్కనున్నవాళ్ళకు ఏమైనా అవుతుందేమోనని. మురిగిన కోడిగుడ్డు, తడిసి ముక్కిన గోనెసంచి, కాలిన రబ్బరు చెప్పు, వాటన్నిటి మీదా ఆ అబ్బాయి వెలిగించి పెట్టిన మల్లెపూల అగరొత్తి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఆయన అది చూసి ఆనందబాష్పాలనుకున్నాడు. ఆయనది కోస్తా ముక్కు. నది అంటే నీళ్ళుంటాయనీ, ఒడ్డున కూర్చుంటే ఒళ్ళు చల్లబడుతుందనీ నమ్మే జాతి. చేతిలో రంగుల కాగితం పట్టుకుని మురిసిపోతున్నాడు. అందులో నీలంగా పారే నది, నది మీద తెరచాప పడవ. మా ఏట్లో ఆ పడవ నడవాలంటే దానికి ట్రాక్టరు చక్రాలు బిగించాలి.

"ఇక్కడ ఇదివరకు ఏముండేది?" అని అడిగాను, తెలిసే.

"ఏమీ లేదు మేడమ్, ఖాళీ జాగా."

ఆ ఖాళీ జాగాలో పదకొండు ఇళ్ళుండేవి. ఏటి వైపు నుంచి లెక్కబెడితే నాలుగోది మాది. ఈ వాసన ఆ అబ్బాయికి కొత్తేమో గానీ నాకు బంధువు. ఇందులో మా ఇంటి వాటా కూడా ఉంది.

మాదీ నది ఒడ్డు నగరమే. నాగరికతలన్నీ నదీతీరాల్లో పుట్టాయని సోషల్ టీచరు చెప్పినప్పుడు క్లాసంతా పగలబడి నవ్వి, అందరం కలిసి గోడకుర్చీ వేశాం. మా నదిలో నీళ్ళు తప్ప అన్నీ ఉండేవి. ఇసుక ఉండేది. ఆ ఇసుకలో పందులు, పత్తి బయటికొచ్చిన పరుపులు, ఒంటి చెప్పులు ఉండేవి. రెండో చెప్పు ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలియదు. మూడేళ్ళకొకసారి పైన ఎక్కడో వాన పడితే ఒక్క పూట ఎర్రటి నీళ్ళొచ్చేవి. ఊరంతా స్కూళ్ళు మానేసి బ్రిడ్జి మీదికి పోయి, చుట్టం వచ్చినట్టు చూసి వచ్చేవాళ్ళం. సాయంత్రానికి చుట్టం వెళ్ళిపోయేవాడు. పరుపులు మాత్రం చోట్లు మారేవి.

ఏటికి అవతలి గట్టున టౌను, ఇవతలి గట్టున మేము. టౌను మురికి మొత్తం ఒకే కాలువగా వచ్చి అవతలి గట్టు వెంబడి పారేది. నలుపంటే మామూలు నలుపు కాదు. అందులో దిగిన కొంగ కాకిగా బయటికొచ్చేది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ కాలువ మీద బుడగలు లేచి టప్ టప్‌మని పేలుతుంటే, వంట చేస్తోందేమో అనిపించేది. ఆ వంట వాసన అన్నం ముద్దతో పాటు మా నోట్లోకి వచ్చేది. చిత్రాన్నం చేసినా అదే రుచి, పులగం చేసినా అదే రుచి. మా అమ్మ ఇంగువ డబ్బా కొనడం మానేసిందంటే నమ్మండి.

"టౌనోళ్ళ పాపం అంతా ఆ గట్టు పొంటి పోతాది. మన గట్టు పాలమాదిరి ఉండాది" అని మా కాలనీ వాళ్ళు ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాళ్ళు. టౌనోళ్ళను అసహ్యించుకోవడం ఒక్కటే మా పదకొండు ఇళ్ళకూ ఉమ్మడి ఆస్తి. లేకపోతే ఎవరికి ఎవరూ ఏమీ కారు. వానలు మోసం చేసి, శెనక్కాయ చేలు చేతికి రాక, తలా ఒక దిక్కు నుంచి వచ్చి పడ్డవాళ్ళం. కంబదూరు దిక్కు నుంచి మేము, విడపనకల్లు వైపు నుంచి పక్కింటి టైలరు మామ, బత్తలపల్లె దగ్గర్నుంచి ఎదురింటి కండక్టరత్త. కండక్టరు ఆమె భర్త. బస్సులో ఆయన నోరెత్తేవాడో లేదో గానీ, కాలనీలో ఈల వేసేదీ, ఆపేదీ, దించేదీ ఆమే. పల్లెవాళ్ళు మమ్మల్ని టౌనోళ్ళనేవారు. టౌనోళ్ళు మమ్మల్ని ఏటిగడ్డోళ్ళనేవారు.

మున్సిపాలిటీ కొళాయి బ్రిడ్జి అవతలే ఆగిపోయింది. వారానికొకసారి ట్యాంకరు వచ్చేది. ఆ నీళ్ళల్లో తుప్పు ఎంత ఉండేదంటే, బిందె అడుగున మిగిలిన దానితో ఒక మేకు తయారు చేయొచ్చు. తుప్పుతో పాటు ఎర్రటి సన్న పురుగులు ఈదేవి. అమ్మ చీరకొంగు నాలుగు మడతలు వేసి వడగడితే, తెలివి తక్కువ పురుగులు కొంగులో ఉండిపోయేవి. తెలివైనవి మా కడుపులోకి వచ్చేవి.

ఆ నీళ్ళు చూసి మొదటి రోజే మూతి తిప్పుకున్నది మా అవ్వ. నాయనను కన్న తల్లి. పల్లె వదిలి వస్తూ ఆమె లారీలోకి ఎక్కించిన సామాను మూడంటే మూడు: ఒక గడ్డపార, ఒక కొబ్బరి చిప్ప, ఒక నోరు. రెండో రోజు తెల్లవారేసరికి ఏట్లోకి దిగి, ఇసుకను మూడు చోట్ల వాసన చూసి, నాలుగో చోట మోచేతి లోతు తవ్వింది. ఇసుక తడిసింది. ఇంకో జానెడు తవ్వింది. అడుగున అద్దం బిళ్ళంత నీళ్ళు ఊరాయి. ఆ బిళ్ళ బిందె అయింది. బిందె పదకొండు ఇళ్ళ బిందెలయింది. అప్పటిదాకా ఎదురుపడితే ముఖాలు తిప్పుకునే ఆడవాళ్ళందరూ ఆ చెలమ చుట్టూ వరసలో కూర్చుని ఒకరి పేన్లు ఒకరు చూసుకునే స్థాయికి ఎదిగారు. పల్లెలో అవ్వ పది మందిలో ఒక ముసలిది. ఈ ఏటిగడ్డన ఆమె చెప్పిందే చట్టం.

చెలమకు చట్టాలుండేవి. చెప్పులు పది గజాల అవతలే విడవాలి. సొంత చెంబు ముంచకూడదు. అవ్వ కొబ్బరి చిప్పతోనే తోడాలి. పొద్దున్నే రాత్రి ఊరిన పాత నీళ్ళన్నీ తోడి పారేయాలి. కొత్త ఊట తేరుకునేదాకా మాట్లాడకూడదు. ఈ ఒక్క చట్టం కండక్టరత్త వల్ల ఎప్పుడూ అమలు కాలేదు. మొదటి దోసెడు నేలకు పొయ్యాలి, గంగమ్మకు. ఆ తర్వాతే మనుషులకు. పోయేటప్పుడు పందులు రాకుండా కంపకొమ్మ అడ్డం పెట్టాలి. ఆ నీళ్ళు, నిజం చెప్పాలంటే, నా జన్మలో తాగిన నీళ్ళన్నిటిలోకీ గొప్పవి. రాగిసంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి, పైన ఒక చెంబు చెలమ నీళ్ళు. మధ్యాహ్నం బడిలో కూడా గొంతులో చల్లగా ఉండేది.

ఇక లోపలికి పోయినదాని సంగతి చెప్పాను కాబట్టి, బయటికి పోయేదాని సంగతి కూడా చెప్పాలి.

కాలనీలో ఎవరికీ లెట్రిన్ లేదు. చెంబు పట్టుకుని ఏటి గట్టున కంపచెట్లలోకి పోవాలి. మొగవాళ్ళకు పైన, ఆడవాళ్ళకు కింద. ఆ కంపల్లో అడుగు పెట్టాలంటే మందుపాతరల మీద నడిచే సైనికుడిలా నడవాలి. ఒక చేత్తో ముక్కు, ఒక చేత్తో చెంబు, రెంటికీ మధ్య ఈగల సైన్యం. అన్నిటికంటే ఘోరం పందులు. మనం కూర్చోవడం ఆలస్యం, నాలుగడుగుల దూరంలో వచ్చి నిలబడి, పెళ్ళి పంక్తిలో రెండో బంతి కోసం ఎదురుచూసే చుట్టాల్లా మన వెనకాలే చూసేవి. ఒకరోజు వాటిలో పెద్దది, ఎనుబోతంత ఉంటుంది, బంతి ముగిసేదాకా ఓపిక పట్టలేక వచ్చి నన్ను మూతితో ఒక్క పొడుపు పొడిచింది. నేను ముందుకు పడ్డాను. దేంట్లో పడ్డానో చెప్పను. ఇన్నేళ్ళయినా ఆ విషయం రాయడానికి నా కలం కూడా ముక్కు మూసుకుంటుంది. ఇంటికి ఏడుస్తూ పోతే అమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టి, మూడు బిందెల నీళ్ళు పోసి, సున్నిపిండి బదులు సర్ఫు పెట్టి రుద్దింది. పది రోజులు నేను కంపలకు పోలేదు. ఎలా ఆపుకున్నానో వైద్యశాస్త్రం చెప్పాలి.

నాయన శెనక్కాయల మిల్లులో మూటలు తూకం వేసేవాడు. మాటలు తక్కువ. నా పదకొండో రోజు కడుపునొప్పి చూసి, మరుసటి ఆదివారమే మేస్త్రీని పిలుచుకొచ్చాడు.

"ఇంటికి లెట్రిన్ గట్టిస్తా. కాలనీలో మొదటిది మనదే" అన్నాడు.

అవ్వ ఒప్పుకోలేదు. "తినే ఇంట్లోనే ఏరుగుతారారా? సిగ్గు ల్యాదా?" అంది.

"ఇంట్లో గాదమా, పెరట్లో. లోతుగా గుంత తవ్వి దాంట్లో పడేట్టు చేస్తాం. నీ కంటికి కనపడదు, ముక్కుకు తగల్దు."

"నా చెలమ దిక్కు మాత్రం వచ్చినావో, సూడు."

మేస్త్రీ గుంత తవ్వడం మొదలుపెట్టాడు. రెండడుగులు పోగానే గడ్డపార ఖంగుమంది. బండ. మా దిక్కున భూమికి చర్మం పలచన, వెంటనే ఎముక. మేస్త్రీ బండ చుట్టూ తిరిగాడు, బీడీ కాల్చాడు, ఏటి వైపు చూశాడు. ఒక రకమైన నవ్వు నవ్వాడు. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

"బండ గొట్టాలంటే నెల పడుతాది అన్నా. ఈడ్నుంచి ఒక పైపు ఏట్లోకి దూర్చేద్దాం. ఇసుక గదా, తాగేస్తాది."

ఆ పైపు మూతి పడింది అవ్వ చెలమకు ముప్పై అడుగుల ఎగువన. నేను గట్టు మీద కూర్చుని బొరుగులు తింటూ అంతా చూశాను. ముప్పై అడుగులని ఎలా చెప్పగలనంటే, ఆ తర్వాత ఆ దూరాన్ని నా పాదాలతో వందసార్లు కొలిచాను. కొలిచిన ప్రతిసారీ అది తగ్గినట్టే అనిపించేది. పైపు మీద ఇసుక కప్పేశాక నాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పాపా, అవ్వకు చెప్పొద్దు."

"ఏం నాయనా?"

"చెప్తే లెట్రిన్ ఉండదు. లెట్రిన్ ల్యాకుంటే నువ్వు మళ్ళా కంపల్లోకే."

నా కళ్ళ ముందు ఎనుబోతంత పంది వచ్చి నిలబడి మూతి నాక్కుంది. నేను నోట్లో బొరుగులతోనే ఒట్టు వేశాను.

లెట్రిన్‌కు గృహప్రవేశం చేశాం. నవ్వొద్దు, నిజంగానే. తలుపుకు మామిడాకుల తోరణం, గడపకు పసుపు. కొబ్బరికాయ కొట్టింది నాయన. అందరూ వరసగా లోపలికి తొంగిచూసి, తెల్లటి పింగాణీని చూసి, "ఏమప్పా, దీంట్లో సంగటి గెలికినా తప్పుల్యాదు" అని మెచ్చుకున్నారు. టైలరు మామ, మేం బిందెలతో నింపిన పైతొట్టి చైను లాగి, నీళ్ళు పారడం చూసి మూడుసార్లు లాగాడు. తర్వాత పెరట్లోనే, ఆ గోడ నీడలోనే, చాపలు పరిచి అందరికీ ఓళిగలు, నెయ్యి పెట్టాం. తాగడానికి చెలమ నీళ్ళు. అవ్వ స్వయంగా తోడి తెచ్చింది. ఆ రోజుకు పైపు ఇంకా కన్యే కాబట్టి ఆ నీళ్ళ గురించి నాకేం బెంగ లేదు. ఆ సాయంత్రం మాత్రం మొదటి ఉపయోగం నాదే. పది నిమిషాలు తలుపు గడియ పెట్టుకుని, పందులు లేని ప్రపంచంలో మహారాణిలా కూర్చున్నాను. లేచి చైను లాగాను. నీళ్ళు గిర్రున తిరిగి పోయాయి. అప్పుడు తట్టింది, ఎక్కడికి పోయాయో.

ఆ ఎండాకాలం ముగిసేలోపు కాలనీలో లెట్రిన్లు అమ్మవారు పోసినట్టు లేచాయి. అదే మేస్త్రీ. మేం చూపించుకున్న గొప్పకు ఎవరూ తక్కువ తినలేదు. కండక్టరత్త నీలం రంగు పింగాణీ పెట్టించింది. ఎవర్నడిగినా "లోతుగా గుంత తవ్వించినాం, పదడుగులు" అనేవాళ్ళు. మేమూ అదే చెప్పేవాళ్ళం కాబట్టి నేను నమ్మాను.

ఇంతలో చెలమ నీళ్ళకు రుచి మారింది.

"సూడండమ్మా, ఏడాది తిరక్కముందే నీళ్ళకు తీపొచ్చింది" అంది అవ్వ ఒకరోజు, దోసెడు తాగి పెదాలు చప్పరిస్తూ. "గంగమ్మ మన దిక్కు సూసింది."

"అవునత్తా, పప్పు గూడా జెప్పున ఉడుకుతాండాది" అంది కండక్టరత్త.

"టీ పొడి తక్కువ పడుతాంది" అంది టైలరత్త.

నేను గట్టు మీద వాంతి చేసుకున్నాను. ఎండదెబ్బ అన్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో నీళ్ళు తాగడం మానేశాను. బడి కొళాయి దగ్గర పొద్దున ఒక ఒంటె తాగినట్టు తాగి, సాయంత్రం ఇంకో ఒంటె తాగినట్టు తాగి వచ్చేదాన్ని. ఆదివారాలు మాత్రం నరకం. అమ్మ వండిన పప్పు చూస్తే అది జెప్పున ఎందుకు ఉడికిందో గుర్తొచ్చేది. అన్నం మెతుకులు ఒక్కొక్కటీ నా వంక అనుమానంగా చూసేవి. అవ్వ చెంబు ఎత్తి గటగటా తాగుతుంటే, ఆ ముడతల గొంతు కిందికీ పైకీ కదులుతుంటే, చూడలేక చూపు పక్కకు తిప్పుకుంటే ఎదురుగా లెట్రిన్ తలుపు. తెల్లగా, శుభ్రంగా, గడియతో.

అవ్వ కనిపెట్టింది. "ఏమే, నా నీళ్ళు తాగవా?"

"దప్పిక ల్యాదవ్వా."

"మూడు దినాల్నుంచి దప్పిక ల్యాదా? టౌను బడికి పోయి టౌను నీళ్ళు మరిగినావా? ఈ ముసల్ది తోడిన నీళ్ళు నీకు పనికిరావా?"

ఆమె గొంతు కోపంగా ఉంది. కళ్ళు అలా లేవు. పల్లె పోయింది, చేను పోయింది, ఆ ముసలామెకు ఈ భూమ్మీద తనదని చెప్పుకోవడానికి మిగిలింది మోచేతి లోతు గుంత. నేను చెప్పేస్తే అది పోతుంది, నా లెట్రిన్ పోతుంది. చెప్పకపోతే ఆమె రోజూ తాగుతుంది. ఆరో తరగతి లెక్కల్లో దీనికి సూత్రం లేదు.

కాబట్టి నేనొక సొంత సూత్రం కనిపెట్టాను. చెలమను అందరికీ అసహ్యం పుట్టేలా పాడు చేస్తే? అవ్వ ఆ చోటు వదిలేసి ఎగువకు, పైపుకు అవతల ఇంకో చెలమ తవ్వుకుంటుంది. అందరి కడుపులూ బాగుంటాయి. నా లెట్రిన్ నాకుంటుంది. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకుని, బ్రిడ్జి పక్కన కోళ్ళ అంగడి వెనకాల నుంచి ఒక ప్లాస్టిక్ కవరు కట్టె చివర తగిలించుకుని తెచ్చాను. అందులో ఏముందో వివరంగా చెప్పాలంటే భోజనం చేయనివాళ్ళే చదవాలి. పేగులు, ఈకలు, రెండు కాళ్ళు, ఇంకా ఏదో పచ్చటి సంచి. ఎవరూ లేని మిట్టమధ్యాహ్నం కంపకొమ్మ పక్కకు లాగి, కళ్ళు మూసుకుని, మొత్తం చెలమలో కుమ్మరించాను.

మరుసటి పొద్దున అవ్వ అరుపు టౌనులో కూడా వినపడి ఉంటుంది.

"ఎవడ్రా ఈ పని చేసింది! వాని చేతులిరగ! వాని నోట్లో మన్ను బడ! వాడు సంగటి కలుపుకుంటే పురుగులు కనపడ! వాడు పెండ్లి చేసుకుంటే..." అని మొదలుపెట్టి, నా మూడు తరాల సంతానాన్ని ఒక్కొక్కరినీ విడివిడిగా శపించింది. ఆ శాపాలన్నీ తగిలి ఉంటే ఈపాటికి నా ఇల్లే ఒక ఆసుపత్రి. నేను బిందె పట్టుకుని వరసలో ఆరోదాన్నయి తలవంచుకుని నిలబడ్డాను. కాలనీ అంతా చేరింది. నాయన నోట్లో వేపపుల్లతో వచ్చి నిలబడ్డాడు.

"ఇంగ ఈ చెలమ వద్దులేత్తా" అంది కండక్టరత్త ముక్కు మూసుకుని.

నా గుండె గెంతింది. కానీ నేను అవ్వను తక్కువ అంచనా వేశాను.

"ఏం, ఎందుకొద్దు? కోడిపేగులకు బయపడి గంగమ్మను వదిలిపెడ్తామా?" అంటూ చీర దోపుకుని దిగింది. పేగులు కట్టెతో తీసి పారేసింది. నీళ్ళన్నీ తోడింది. చుట్టూ ఇసుక చెక్కేసింది. ఊరనిచ్చి మళ్ళీ తోడింది. మూడోసారి తోడింది. నాలుగోసారి ఊట తేరుకునేదాకా కూర్చుంది. ఆ రోజు కండక్టరత్త కూడా మాట్లాడలేదు. నీళ్ళు అద్దంలా నిలిచాయి. అవ్వ మొదటి దోసెడు నేలకు పోసింది. రెండో దోసెడు తీసుకుని మా అందరి వైపూ తిరిగింది.

"సూడండి, మీ కండ్ల ఎదురుగా తాగుతాండా. ఈ నీళ్ళల్లో దోసముంటే ఫస్టు నాకే తగలనీ" అని చేతులు నోటి దగ్గరికి ఎత్తింది.

"తాగొద్దవ్వా! మన లెట్రిన్ పైపు ఈడికే వస్తాది!"

ఆ అరుపు నాదేనని నాక్కూడా కొంచెం ఆలస్యంగా తెలిసింది.

అవ్వ చేతులు అక్కడే ఆగాయి. "ఏమిరా?" అంది నాయన వైపు తిరిగి.

నాయన వేపపుల్ల నోట్లోంచి తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "గుంత తవ్వితే బండ తగిలిందమా. ఇంత ఏరు ఉండాది... మన ఒక్కింటిది ఎంతలే అనుకొంటి."

"ఏమన్నావప్పా!" కండక్టరత్త గొంతు లేచింది. "మీ ఇంటిది మా చేత తాగించినావా? నా బిడ్డల చేత తాగించినావా? మనిషివా నువ్వు? పంచాయితీ పెట్టిస్తా, టేషన్‌కు పోతా..."

అప్పుడు నా పక్కన నిలబడిన టైలరు మామ కూతురు, నా ఈడుదే, సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. "నాయనా, మన పైపు గూడా ఈడికే గదా. నువ్వే చెప్పొద్దంటివి."

టైలరు మామ ఆకాశంలో వాన మబ్బుల కోసం చూశాడు.

మూడో ఇంటి పిల్లవాడు మాదీ అన్నాడు. ఏడో ఇంటావిడ వాళ్ళాయన చెవిలో ఏదో అంది, ఆయన తలకొట్టుకున్నాడు. ఎనిమిదో ఇల్లు, తొమ్మిదో ఇల్లు. ఒక్కొక్కరి ముఖం చూస్తూ అవ్వ దోసిలి అలాగే పట్టుకుని తిరిగింది. చివరికి కండక్టరత్త దగ్గర ఆగింది.

"నీదేమే? పదడుగుల గుంతంటివి?"

కండక్టరత్త కాలి బొటనవేలితో ఇసుక గీసింది. "మాది... సన్న పైపత్తా."

తర్వాత జరిగింది వర్ణించడానికి నాకు మనస్కరించడం లేదు, కానీ వర్ణిస్తాను. ముందు టైలరత్త వంగింది. ఆమెను పట్టుకోబోయి కండక్టరత్త వంగింది. ఆ చప్పుడు విని ఏడో ఇల్లు, ఆ వాసనకు తొమ్మిదో ఇల్లు. పదకొండు ఇళ్ళవాళ్ళు ఏటిగట్టు పొడుగునా నడుములు పట్టుకుని, నెలల తరబడి తాగిన నీళ్ళను ఒక్క పొద్దున తిరిగిచ్చేయాలని ప్రయత్నం చేశారు. దూరంగా పందులు తలలెత్తి చూశాయి. వాటి ముఖాల్లో కూడా, ప్రమాణం చేసి చెబుతున్నాను, ఒక రకమైన చీదర కనిపించింది.

అవ్వ ఒక్కతే కక్కలేదు. దోసిలి విడిచింది. నీళ్ళు ఇసుకలోకి పోయాయి. "నీళ్ళు యాడ్నుంచి వస్తాయో అందరూ అడిగినారు. యాడికి పోతాయో ఒక్కడన్నా అడిగినాడా?" అంది. ఎవరినీ చూడకుండా అంది. ఆ తర్వాత కాలితో ఇసుక తోసి, తను తవ్విన చెలమను తనే పూడ్చి, కొబ్బరి చిప్ప దాని మీద బోర్లించి ఇంటికి పోయింది.

ఇంత జరిగాక పైపులన్నీ పీకేశారనుకుంటున్నారు కదూ. మీరు నన్ను మించిన అమాయకులు. వారం రోజులు ఒకరినొకరు తిట్టుకున్నారు. ఎవరి పైపు లావో, ఎవరిది సన్నమో, ఎవరింట్లో ఎంతమందో లెక్కలు తీసి తగాదాలు పడ్డారు. తర్వాత ట్యాంకరు నీళ్ళకు అలవాటు పడ్డారు. తాగేవాళ్ళే లేనప్పుడు పైపులుంటే ఏమిలే అన్నారు. ఆ ఏటి ఇసుక అప్పటి నుంచి తాగుతూనే ఉంది.

మా ఇంట్లో మాత్రం వేరేగా జరిగింది. అవ్వ నాయనతో మాట మానేసింది. నేను మధ్యన తపాలా. "మీ నాయనకు చెప్పు, సంగటి ఆరిపోతాంది." "మీ నాయనకు చెప్పు, చొక్కా చినిగింది." నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషికి నేను పోయి చెప్పి వచ్చేదాన్ని. పది రోజులు భరించి నాయన లెట్రిన్ తలుపుకు తాళం వేశాడు. పైపు పీకాడు. అవ్వ గడ్డపార తీసుకుని ఆ రెండడుగుల గుంతలోకి దిగాడు. మిల్లు నుంచి వచ్చాక రోజూ గంటన్నర, బండ మీద ఠంగ్ ఠంగ్. ఒక్కో రోజు పిడికెడు రాళ్ళు వచ్చేవి. వాటిని కూడా నాయన తట్టలో పోసి గర్వంగా అవ్వ ముందు నుంచి మోసుకుపోయేవాడు. అవ్వ చూసేది కాదు.

ఆ నెలలన్నీ నేను మళ్ళీ కంపల్లోకే. అవ్వ శాపం నాకే తగిలింది. కానీ ఒంటరిగా పంపలేదు. అవ్వ ఒక చేతిలో తన చెంబు, ఇంకో చేతిలో కట్టె పట్టుకుని తోడొచ్చేది. ఆ ఎనుబోతంత పంది ఆమెను చూస్తే పక్కకు తప్పుకునేది. "కూచో పాపా, నేనుండా" అని నాకు వీపు చేసి నిలబడేది. కోడిపేగుల సంగతి ఆమెకు ఎప్పుడు తెలిసిందో తెలియదు. ఒకరోజు అలా వీపు చేసే అడిగింది:

"ఆ కవరు యాడ తెచ్చినావే?"

"కోళ్ళంగడి ఎనకాల."

"చేతులు కడుక్కున్నావా మరి?"

"కడుక్కుంటినవ్వా."

"ఏ నీళ్ళతో?"

అవ్వ భుజాలు కదిలాయి. నవ్వుతోందో, ఇంకేమో, వెనక నుంచి తెలియలేదు.

దసరా ముందు నాయన గుంతలో నిలబడితే భుజాల దాకా వచ్చింది. అరచేతుల్లో చర్మం లేదు. అవ్వ పెరట్లోకి వచ్చి, గుంత అంచున నిలబడి, చాలాసేపు చూసి, నెలల తర్వాత మొదటిసారి కొడుకుతో నేరుగా మాట్లాడింది.

"ఇంగ రెండడుగులు పోనీరా."

నాయన ఆ గుంతలోనే కూర్చుని పెద్దగా ఏడ్చాడు. ఇంకో రెండడుగులు తవ్వాడు కూడా. పదకొండు ఇళ్ళల్లో నిజంగా గుంత ఉన్న లెట్రిన్ అది ఒక్కటే. అవ్వ మాత్రం చివరిదాకా అందులో అడుగు పెట్టలేదు, ఏట్లో ఇంకో చెలమ తవ్వలేదు. ట్యాంకరు నీళ్ళు నోట్లో పోసుకుని, మందు మింగినట్టు మింగేది.

"మేడమ్, వాటర్ టేస్ట్ చెయ్యండి." ఫ్లాట్లబ్బాయి రెండు గాజు గ్లాసులు తెచ్చాడు. "ఏట్లోనే వేసిన బోరు. షుగర్ కలిపినట్టుంటుంది."

మా ఆయన అప్పటికే సగం తాగేశాడు. పెదాలు చప్పరించాడు. "భలే తియ్యగున్నాయే!"

నేను గ్లాసు పట్టుకుని బాల్కనీలోంచి కిందికి చూశాను. బండ ఉండాల్సిన చోట కార్ల పార్కింగు. మా గుంత ఎక్కడుండేదో అంచనాకు అందలేదు.

"ఇన్ని ఫ్లాట్ల నీళ్ళు యాడికి పోతాయప్పా?" అని అడిగాను. ఎన్నో ఏళ్ళ తర్వాత నా నోట్లోంచి మా యాస దానంతటదే వచ్చింది.

అబ్బాయి ఏటి వైపు చూశాడు. ఒక రకమైన నవ్వు నవ్వాడు.

"ఇసుక కదా మేడమ్..."

నేను మొదటి గుక్కెడు బాల్కనీ నుంచి నేలకు పోశాను. తర్వాత మిగతాది కూడా పోశాను.